దసలి పట్టు చిలుక: మద్ది చెట్టు మీద దాని కాపురం

శివరాత్రి దాటి నల్లమద్ది ఆకు రాల్చేసరికి, వానాకాలమంతా కంటపడనివి కొమ్మల మీద బయటపడతాయి. నాలుగైదు సెంటీమీటర్ల పొడవున్న కోల కాయలు, కొన్ని పసుపు, కొన్ని బూడిద రంగు. ప్రతి కాయకూ ముదురు గోధుమ రంగు తొడిమ, ఆ తొడిమ చివర కొమ్మను చుట్టి బిగిసిన ఉంగరం. చేత్తో లాగితే రెమ్మ విరుగుతుందే గానీ ఉంగరం ఊడదు. తెలియనివాళ్లు చెట్టు కాయే అనుకుని వదిలేస్తారు. నిజానికి అవి పట్టుగూళ్లు. లోపల ఉన్నది దసలి (టస్సర్) పట్టు చిలుక, అంటే రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక లాంటి పురుగు, ఇంకా రెక్కలు రాని ప్యూపా దశలో. చలికాలంలో కట్టిన కాయలో అది ఐదారు నెలలు అలాగే ఉండిపోతుంది. దసలి ఎక్కడ బతుకుతుందని ఎవరైనా అడిగితే ముందు చెప్పాల్సింది ఈ కాయ గురించే. ఏడాదిలో దాని ఎక్కువ కాలం గడిచేది ఇందులోనే.

శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా. కుటుంబం సాటర్నిడే. మల్బరీ పట్టు పురుగు మనిషి చేతిలో వేల ఏళ్లు పెరిగి ఎగరడం మరచిపోయింది. దసలి అలా కాదు, ఇప్పటికీ అడవి ప్రాణే. గుడ్లు మనం పెట్టించినా పురుగు పెరగాల్సింది ఆరుబయట చెట్టు మీదే. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, విదర్భల మీదుగా పోయే ఆకురాలు అడవుల పట్టీ దీని అసలు నేల. ఆ పట్టీకి దక్షిణ కొస మన దగ్గరే ఉంది. ప్రాణహిత, గోదావరి కలిసే ప్రాంతం, మంచిర్యాల జిల్లా చెన్నూరు, కోటపల్లి వైపు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ వైపు. నది దాటితే గడ్చిరోలి అడవులు.

ఒకే జాతి అయినా ప్రాంతాన్ని బట్టి దీనిలో రకాలు మారిపోతాయి. వీటిని ఎకోరేసులంటారు, దేశంలో 40కి పైగా గుర్తించారు. జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ వైపు దాబా, బస్తర్‌లో రైలీ, ఒడిశా సిమిలీపాల్ అడవుల్లో మోదాల్, భండారా పేరుతోనే ఇంకొకటి. మన అడవులది ఆంధ్రా లోకల్. రాష్ట్రం విడిపోకముందు పెట్టిన పేరు కాబట్టి తెలంగాణ అడవుల్లో ఉన్నా పేరు అదే నిలిచింది. రైలీ, మోదాల్ సాల అడవుల రకాలు. కాయ పెద్దది, గట్టిది, పట్టు ఎక్కువ. కానీ వాటిని పట్టి తెచ్చి మన చెప్పుచేతల్లో పెంచుదామంటే లొంగవు. దాబా లొంగుతుంది, అందుకే పెంపకానికి దేశమంతా అదే పాకింది. ఆంధ్రా లోకల్ కాయ దాబా కంటే చిన్నది. అయినా మన ఎండకు, మన మద్దికి, మన వానల లెక్కకు కుదురుకున్నది అదే. నా దృష్టిలో కాయ బరువు కంటే ఈ కుదురు విలువైనది. ఎందుకో కింద చెబుతాను.

ముందు చెట్లు. దసలి పురుగు చాలా రకాల ఆకులు తింటుంది. రేగు, చెన్నంగి, చిరుమాను, నేరేడు, ఊళ్లలో బాదం చెట్టు కూడా. కానీ కడుపునిండా తిని మంచి కాయ కట్టేది మద్ది మీదే. వాగుల వెంట పెరిగే ఏరుమద్ది, అదే తెల్లమద్ది, బెరడు నున్నగా, తెల్లగా పొరలు ఊడుతూ ఉంటుంది. మెట్ట మీద పెరిగే నల్లమద్ది బెరడు నల్లగా, లోతుగా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. ఆకు తిప్పి చూస్తే అడుగున కాడ దగ్గర చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అడవిలో కొత్తగా తిరిగేవాళ్లు ఈ రెండు బెరళ్లను గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయినట్టే.

పురుగు ఉన్న చెట్టును తల ఎత్తి వెతికితే దొరకదు. పచ్చటి పురుగు పచ్చటి ఆకు కింద, తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. నేల చూడాలి. చెట్టు కింద మిరియాల కంటే పెద్దగా, నిలువు గాడులున్న పెంటికలు రాలి ఉంటే పైన నాలుగో, ఐదో దశ పురుగు ఉన్నట్టు. తాజాగా తడిగా ఉంటే సరిగ్గా ఆ పైనే ఉంది. కొమ్మ చివరి ఆకులు నడిమి ఈనె దాకా కొరికి ఉంటాయి. కాయ కోసం అయితే ఆకు రాలాక వెళ్లాలి. తొడిమ ఉన్న వైపు కొసన కన్నం ఉంటే అది ఖాళీ కాయ, చిలుక వెళ్లిపోయింది. పక్కన ఎక్కడో చిన్న గుండ్రటి కన్నం ఉంటే పరాన్నజీవి బయటికి వచ్చిన దారి. కాయను చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపితే బతికున్న ప్యూపా బరువుగా, మెత్తగా కదులుతుంది. ఎండిపోయినది గలగలమంటుంది.

ఇక దీని ఏడాది లెక్క. మృగశిర వానలు పడి గాలిలో తేమ పెరగగానే కాయల్లోంచి చిలుకలు రావడం మొదలవుతుంది. ఆంధ్రా లోకల్ ఏడాదికి మూడు తరాలు నడుస్తుంది. మొదటిది జూన్, జూలైలలో, రెండోది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, మూడోది అక్టోబరు నుంచి చలికాలంలోకి. మొదటి పంట పురుగు నెల రోజుల్లో కాయ కడుతుంది. చలి పెరిగేకొద్దీ ఆ రోజులు పెరుగుతాయి, మూడో పంటలో దాదాపు రెట్టింపు అవుతాయి. మూడో పంట కాయలే వేసవంతా నిద్రపోయి మళ్లీ జూన్‌కి విత్తనం. కాబట్టి మొదటి రెండు పంటల్లో ఏది పోయినా ఆ ఏటి నష్టంతో సరిపోతుంది. మూడో పంట పోతే వచ్చే ఏడాది విత్తనమే ఉండదు.

చిలుక సాయంత్రం చీకటి పడే వేళ బయటికొస్తుంది. కాయను కొరకడానికి దానికి నోరు లేదు. కోకూనేజ్ అనే ఎంజైమ్ ఉన్న ద్రవాన్ని నోటి దగ్గరి నుంచి వదిలి, తొడిమ వైపు గోడను తడిపి, పట్టు పోగుల జిగురు వదులయ్యాక తలతో, కాళ్లతో వాటిని పక్కకు నెట్టుకుంటూ వస్తుంది. బయటికి రాగానే రెక్కలు ముడతలు పడి తడిగా ఉంటాయి. కాయకో కొమ్మకో వేలాడి గంటలోపు విప్పుకుంటుంది. అప్పుడు దానికి వేలాడే చోటు లేకపోతే రెక్కలు వంకరగా ఎండిపోతాయి. విత్తనపు కాయలను గంపలో పోసి ఉంచకుండా దండలుగా గుచ్చి వేలాడదీసేది ఇందుకే.

మగది సాధారణంగా ఇటుక రంగు, ముందు రెక్కల కొసలు వంపు తిరిగి ఉంటాయి. ఆడది పసుపు లేదా బూడిద రంగు, రెక్కలు వెడల్పు, పొట్ట లావు. రెక్కల చాపు 15 సెంటీమీటర్ల పైమాటే. నాలుగు రెక్కల మీదా ఒక్కో కన్నులాంటి గుండ్రటి మచ్చ ఉంటుంది, దాని నడుమ పొలుసులు లేని అద్దం వంటి భాగం ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అందులోంచి అవతలి ఆకు కనిపిస్తుంది. మగదాని మీసాలు దువ్వెనలా రెండు వైపులా వెడల్పుగా విచ్చుకుని ఉంటాయి. ఆడది కదలకుండా కూర్చుని వదిలే వాసనను గాలిలో పట్టేది ఆ మీసాలే. జత కట్టడం రాత్రి పొద్దుపోయాక. చిలుకలు ఏమీ తినవు, తాగవు. పురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టుకున్నదాంతోనే వారం పది రోజులు బతికి చనిపోతాయి.

ఒక తల్లి 150 నుంచి 250 దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు సుమారు 3 మిల్లీమీటర్లు, గోధుమ రంగు జిగురు పూతతో, నడుము చుట్టూ రెండు సన్నటి గీతలతో ఉంటుంది. మొదటి మూడు రోజుల్లో పెట్టిన గుడ్లనే విత్తనానికి తీసుకోవాలి, తర్వాతివి బలహీనం. ఇక్కడే అసలైన జాగ్రత్త మొదలవుతుంది. పెబ్రిన్ అనే జబ్బు తల్లి నుంచి గుడ్డులోకే దిగుతుంది. బయట ఎంత కడిగినా అది పోదు. అందుకే గుడ్లు పెట్టాక ప్రతి తల్లి చిలుక పొట్ట కొసను నలిపి, పొటాషియం కార్బొనేట్ నీళ్లలో కలిపి మైక్రోస్కోపు కింద చూస్తారు. కోలగా, మెరుస్తూ బీజాలు కనిపిస్తే ఆ తల్లి గుడ్లన్నీ కాల్చేయాలి. పట్టు పురుగులకు ఈ పరీక్ష పద్ధతిని 19వ శతాబ్దంలో లూయీ పాశ్చర్ నిలబెట్టాడు. ఇప్పటికీ నమ్ముకునేది ఈ పరీక్షనే. పరీక్షలో నెగ్గిన ఒక తల్లి గుడ్లను ఒక డీఎఫ్ఎల్‌గా లెక్కేస్తారు. ఆ గుడ్లను సబ్బు నీళ్లలో కడిగి జిగురు పోగొట్టి, 2 శాతం ఫార్మాల్డిహైడ్ నీళ్లలో 5 నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండలో ఆరబెడితే గుడ్డు లోపలే ఎండిపోతుంది. పక్కవాళ్ల దగ్గర చవకగా దొరికాయని పరీక్ష లేని గుడ్లు తెచ్చుకున్నవాళ్ల పంట మూడో జ్వరం దాకా, అంటే పురుగు మూడోసారి చర్మం విడిచేదాకా బాగానే కనిపిస్తుంది. తర్వాత పురుగులు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఎగుడుదిగుడుగా తయారవుతాయి. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఎనిమిది తొమ్మిది రోజులకు తెల్లవారుజామున గుడ్లు పగులుతాయి. పిల్ల పురుగు గోధుమ రంగులో, నల్లటి తలతో ఉంటుంది, బరువు 8 మిల్లీగ్రాముల దాకా. ముందు తన గుడ్డు పెంకునే తింటుంది. మొదటి జ్వరం దాటాక పచ్చగా మారుతుంది. నాలుగు జ్వరాలు, ఐదు దశలు. ఐదో దశలో వేలంత లావై 40 గ్రాములకు చేరుతుంది, అంటే పుట్టినప్పటి కంటే కొన్ని వేల రెట్లు. పక్కల పసుపు గీత, దాని మీద వెండిలా మెరిసే చుక్కలు, ఒంటినిండా ఊదా రంగు బుడిపెలు. అది తినే మొత్తం ఆకు పావు కిలోకు పైనే, అందులో ఎక్కువ భాగం ఈ చివరి దశలోనే. పెంచేవాళ్లు తప్పేది ఈ లెక్క దగ్గరే. చిన్నప్పుడు ఒక పొద మీద వందలు సర్దుకుంటాయి, చూడ్డానికి ఆకు ఎంతో మిగిలినట్టు ఉంటుంది. ఐదో దశలో రెండు రోజుల్లో కొమ్మలు బోసిపోతాయి. ఆకలైన పురుగు కిందికి దిగుతుంది, దిగింది చీమల పాలే.

చాకీ పురుగులకు, అంటే మొదటి రెండు దశలవాటికి, లేత ఆకు ఉన్న పొదలు కావాలి. ఆ పొదల మీద నైలాన్ వల కప్పితే చాలా ప్రాణాలు నిలుస్తాయి. గుడ్లు పెట్టిన ఆకు దొప్పలను ఉదయం పూట కొమ్మలకు కట్టాలి. పొద అడుగున గడ్డి తీసి, బ్లీచింగ్ పౌడరు ఒక పాలు, సున్నం తొమ్మిది పాళ్లు కలిపి చల్లాలి. మొదలు చుట్టూ గ్రీజు పూసిన పట్టీ కడితే చీమలు ఎక్కవు. ఆకు తగ్గితే పురుగును వేరే చెట్టుకు మార్చాలి, కానీ వేళ్లతో పట్టి లాగకూడదు. వెనక కాళ్ల పట్టు అంత గట్టిది, లాగితే చర్మం చిరుగుతుంది. పురుగు ఉన్న రెమ్మను కత్తిరించి, గంపలో తీసుకెళ్లి కొత్త కొమ్మ మీద ఆనించి ఉంచితే అదే పాకుతుంది. జ్వరంలో ఉన్న పురుగును అసలు కదిలించొద్దు. తల వాల్చి, తిండి మాని, కొమ్మకు పట్టు పోగులతో కాళ్లు ఆనించుకుని ఉంటుంది. అప్పుడు కదిపితే పాత చర్మం సరిగ్గా విడవదు.

శత్రువులు దశను బట్టి మారతాయి. చిన్న పురుగులను పొడుచుకుని పీల్చేసే నల్లులు, కందిరీగలు, గొల్లభామలు, చీమలు తింటాయి. పెద్దవాటికి పక్షులు, ఉడతలు, తొండలు. వీటన్నిటికీ మందు కాపలాయే, పొద్దున్నే, సాయంత్రం మనిషి తోటలో తిరగాలి. ఉజి ఈగ సంగతి వేరు. ఐదో దశ పురుగు ఒంటి మీద తెల్లటి చిన్న గుడ్డు అతికించి పోతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డు పగిలి, లోపలి పిల్ల చర్మం తొలుచుకుని పోతుంది, అక్కడ నల్లటి మచ్చ మిగులుతుంది. పురుగు కాయ కట్టినా ప్యూపా బతకదు. ఈగ పిల్ల కాయకు కన్నం చేసుకుని నేలలో దిగి ప్యూపా అవుతుంది. తెల్ల గుడ్డు కనబడగానే చిన్న పట్టకారుతో తీసేస్తే పురుగు దక్కుతుంది. నల్ల మచ్చ పడ్డాక దక్కదు. అలాంటి పురుగులు కట్టిన కాయలను వేరుగా ఉంచి, ముందుగా ఉడికించేయాలి, లేకపోతే మరుసటి పంటకు ఈగను మనమే పెంచినట్టు. ఇంకొకటి పసుపు రంగు ఇక్న్యూమన్ కందిరీగ. పురుగు కాయ కట్టేటప్పుడు గోడ ఇంకా మెత్తగా ఉండగానే సూదిలాంటి తన అవయవంతో లోపలికి గుడ్డు దించుతుంది.

జబ్బుల్లో వైరస్ తగిలిన పురుగు వెనక కాళ్ల మీద తలకిందులుగా వేలాడి చస్తుంది, ఒంట్లోంచి గోధుమ రంగు నీరు కారుతుంది. బాక్టీరియా జబ్బు మూడు రూపాల్లో కనబడుతుంది. మలద్వారం అంటుకుపోవడం, పెంటికలు గొలుసులా ఒకదానికొకటి అతుక్కుని రావడం, పేగు బయటికి పొడుచుకు రావడం. వానకు తడిసి నీరుపట్టిన ఆకు, రోజుల తరబడి ముసురు, ఆ వెంటనే ఎండ, ఈ వరస పడితే రెండో పంటలో ఇవి తప్పకుండా వస్తాయి. చచ్చిన పురుగును చెట్టు మీద ఒక్క పూట కూడా వదలకూడదు. గొయ్యి తీసి సున్నంతో పూడ్చాలి.

కాయ కట్టే పని దగ్గరుండి చూడదగ్గది. పురుగు తిండి మాని, కడుపులోని చివరి పెంటిక, నీరు వదిలేసి, రెండు మూడు ఆకులను పోగులతో దగ్గరికి లాక్కుని ఊయల చేసుకుంటుంది. ఆ ఊయలలోంచి తల బయటపెట్టి కొమ్మ చుట్టూ ఉంగరం అల్లుతుంది. అక్కణ్ణుంచి తొడిమను కిందికి పేనుకుంటూ వచ్చి, అప్పుడు కాయ గోడ మొదలుపెడుతుంది. ఆకు ఎలాగూ రాలిపోయేదే కాబట్టి ఆకును నమ్మి కట్టిన కాయ వేసవికి నేల మీద పడి చెదల పాలవుతుంది. కొమ్మకు ఉంగరం వేసుకున్నది గాలివానలు తట్టుకుని జూన్ దాకా నిలుస్తుంది. లోపలి నుంచి నాలుగైదు రోజులు పోగు తీస్తుంది. చివర్లో కాల్షియం లవణాలున్న ద్రవాన్ని వదిలి గోడనంతా తడుపుతుంది, ఆరాక గోడ గట్టిపడుతుంది. మల్బరీ కాయ వేడినీళ్లకే వదులవుతుంది. దసలి కాయకు సోడా, సబ్బు వేసి ఉడికించక తప్పనిది ఇందుకే.

ఊయల కట్టిన ఆరేడు రోజుల తర్వాతే కోయాలి. తొందరపడితే లోపల ఇంకా పురుగే ఉంటుంది, నొక్కుకుపోయి చస్తుంది. లాగకుండా రెమ్మతో సహా కత్తెరతో కోయాలి. డీఎఫ్ఎల్‌కి 50 కాయలు చేతికొస్తే మంచి పంట కిందే లెక్క. చిలుక వెళ్లిపోయిన ఖాళీ కాయలూ పారేసేవి కావు. పోగు వరసగా రాదు గానీ, చేత్తో లాగి వడికిన నూలును ఘీచా అంటారు, తొడిమల నూలును బల్కల్ అంటారు. మహదేవపూర్ దసలి చీరల గరుకుదనం, తేనె రంగు ఈ పురుగు ఇచ్చినవే, రంగు వేసి తెచ్చినవి కావు.

ఇప్పుడు వేసవి సంగతి. చెన్నూరు, మహదేవపూర్ ఎండలు 45 డిగ్రీల దాకా పోతాయి. అడవిలో కాయ మీద చెట్టు నీడ లేకపోయినా గాలి ఆడుతుంది, రాత్రి చల్లబడుతుంది. విత్తనపు కాయలను రేకుల షెడ్డులో పెడితే ఆ రెండూ ఉండవు, ప్యూపా లోపలే మాడిపోతుంది. పెంకుటిల్లు గానీ గడ్డి కప్పు గానీ ఉండి, ఎదురెదురు కిటికీలుండి, కప్పుకు ఒక అడుగు కిందగా దండలు వేలాడాలి. మే నెలలో కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టాలి. తేమ ఎక్కువైనా చిక్కే. ఏప్రిల్, మే నెలల్లో అకాల వాన పడితే కొన్ని చిలుకలు తొందరపడి వచ్చేస్తాయి. అప్పటికి మద్ది చిగురు సరిపడా ఉండదు, వాటికి పుట్టిన పిల్లలు బతకవు. ఇక్కడే ఆంధ్రా లోకల్ విలువ తెలుస్తుంది. తరతరాలుగా ఈ వేసవిని దాటి వచ్చిన రకం కాబట్టి నిద్ర లేచే వేళ మన వానలకు దగ్గరగా ఉంటుంది. బయటి రకాల విత్తనం తెచ్చి అడవి పక్కనే పెంచితే వాటి మగ చిలుకలు ఎగిరిపోయి అడవి ఆడవాటితో కలుస్తాయి. కాయ ఒక గ్రాము బరువు పెరగొచ్చు, నిద్ర లేచే లెక్క మాత్రం చెదిరిపోతుంది. చెదిరినదాన్ని తిరిగి తెచ్చుకోలేం. అడవి కాయలను ఏరేవాళ్లు కూడా ప్రతి చెట్టుకూ కొన్ని వదిలేయాలి, ముఖ్యంగా పెద్ద బరువైన కాయలు. అవి ఎక్కువగా ఆడవి.

అడవిలో ఎక్కువ కాయలను చంపేది మాత్రం నిప్పు. బీడీ ఆకు కోసే తునికి పొదలకు కొత్త చిగురు రావాలని వేసవిలో అడుగున మంట పెడతారు. సరిగ్గా అప్పుడే ప్యూపాలన్నీ కాయల్లో నిద్రలో ఉంటాయి. ఎత్తు కొమ్మల మీదివి తప్పించుకుంటాయి, నడుమెత్తు మద్ది పొదల మీదివి తప్పించుకోలేవు. తునికి పొదను కొడవలితో నేలకు కోసినా చిగురు వస్తుంది, నిప్పు అక్కర్లేదు. పత్తి చేల పక్కనున్న మద్ది చెట్ల మీద పెంపకం పెట్టేవాళ్లు మందు కొట్టే రోజు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. ఆకు మీద పడిన కొద్దిపాటి మందుకే చాకీ పురుగులన్నీ పోతాయి.

ఊళ్లో వీధి దీపం కింద ఈ చిలుక కనిపిస్తే దానికి పెట్టాల్సిన తిండి ఏమీ లేదు, చక్కెర నీళ్లు కూడా వద్దు. దీపం ఆపి, ఒక పుల్ల మీదికి ఎక్కించి దగ్గరి చెట్టు మీద వదిలితే చాలు. బాదం చెట్టు మీద పురుగు కనిపిస్తే మందు కొట్టొద్దు. నాలుగు కొమ్మల ఆకు పోయినా చెట్టుకు ఏమీ కాదు, వానలకు మళ్లీ చిగురిస్తుంది.

పెంచాలనుకునేవాళ్లకు అడవి మీద ఆధారపడటం కంటే సొంత మద్ది తోట మేలు. ఏరుమద్ది కాయలను మూడు నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి, సంచుల్లో విత్తి, ఏడాది మొక్కను జూన్ వానలకు నాటాలి. దూరం 4 అడుగులకు 4 అడుగులు, నేల బలమైనదైతే ఇంకా ఎక్కువ. మూడు నాలుగేళ్లకు పురుగు వేయొచ్చు, అంతకు ముందు వేస్తే మొక్క ఎదుగుదల ఆగిపోతుంది. చెట్టును చేతికందే ఎత్తులో నిలపాలి. మొదటి పంటకు కావాలనుకున్న చెట్ల కొమ్మలను ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొట్టాలి, అప్పుడు జూన్‌కి ఆకు సరైన ముదురులో ఉంటుంది. మూడో పంటకు ఉంచుకున్న చెట్లను అప్పుడు ముట్టుకోవద్దు. ఒకే చెట్టు మీద ఏడాదిలో రెండు పంటలు దింపితే మరుసటి ఏడాది ఆకు పలచబడి, కాయ సన్నగిల్లుతుంది. తోటను మూడు భాగాలు చేసి, ఒక్కో పంటకు ఒక్కో భాగం కేటాయించుకోవాలి.